పార్కులో కూరాకు మళ్ళకి కూడా చోటివ్వండి

బెంగళూరులో కొన్నేళ్ళు ఉన్న మనవాళ్ళందరికీ ఇక్కడి పార్కు ఎలా ఉంటుందో తెలుసు. చుట్టూ ఇనప కంచె, లోపల టైల్సు పరిచిన నడక బాట, మధ్యలో గడ్డి, గడ్డి మీద నడవకూడదని బోర్డు, ఓ మూల ఓపెన్ జిమ్. నాకు పార్కులంటే ఇష్టమే, రోజూ పొద్దున వెళ్తాను కూడా. కానీ ఆ గడ్డిలో ఓ ముక్క, పదో వంతు చాలు, చుట్టుపక్కల ఉండేవాళ్ళు కలిసి కూరగాయలు పండించుకోవడానికి ఇవ్వాలని నా వాదన. అది కూడా నోటిమాటగా కాదు, కాగితం మీద, కనీసం ఐదేళ్ళకి. ఈ కాగితం గొడవ ఎందుకో చెప్పాలంటే ముందు మా తోట సంగతి చెప్పాలి.

మా లేఅవుట్ నగరానికి తూర్పున, వర్తూరు వైపు. నలభై ఏళ్ళ కిందట ఇదంతా చెరువు కింద పారకం. బెళ్ళందూరు, వర్తూరు, మారతహళ్ళి పాత ఊళ్ళలో తరతరాలుగా ఉన్న రెడ్ల ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, వాళ్ళ పెద్దవాళ్ళని కదిలిస్తే ఇక్కడ వరి ఎలా పండేదో, కూరగాయలు బండ్లకెత్తి మార్కెట్టుకి ఎలా తోలేవాళ్ళో ఒక్కో మడి పేరు పెట్టి చెబుతారు. ఆ చెరువుల్లోకి నగరం మురుగంతా వదిలాం. 2015లో బెళ్ళందూరు చెరువు నురగకి నిప్పంటుకుంది, 2018 జనవరిలో మళ్ళీ మండింది. చెరువు అలా అయ్యేనాటికే కింద మళ్ళన్నీ సైట్లయిపోయాయి.

ఆ సైట్లలో ఒకటి మా వీధి మలుపులో ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉండేది, నలభై అరవై అడుగుల సైటు. ఊళ్ళో ఇల్లు కట్టే ప్రతివాడూ పగిలిన టైల్సు, సిమెంటు పెళ్ళలు అక్కడే గుమ్మరించేవాడు, రాత్రయితే స్కూటర్ మీద వచ్చి చెత్త కవర్లు విసిరేసేవాళ్ళు. దాన్ని తోట చేద్దామని మొదట అన్నది టెలిఫోన్లు తయారుచేసే ఐటీఐ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన ఓ పెద్దాయన. హిందూపురం ఆయనది. చెత్తబండి వాళ్ళని బతిమాలుకునీ, తను డబ్బులు పెట్టుకునీ, ట్రాక్టర్ల కొద్దీ పెళ్ళలు ఎత్తించాడు. స్థలం ఓనరు వేరే ఊళ్ళో ఉంటాడు, ఫోన్ చేస్తే "నేను కట్టుకునేదాకా మీ ఇష్టం, చెత్త పడకుండా ఉంటే నాకూ మంచిదే కదా" అన్నాడు. ఒప్పందమంటే అంతే, ఆ ఫోన్ మాట.

కింద మట్టి తేలాక చూస్తే అది మట్టే కాదు. సున్నం, రంగు పెచ్చులు, ఇనప తీగలు. ఇలాంటి నేలలో నేరుగా ఆకుకూర వేసి తినకూడదు, పాత రంగుల్లో సీసం ఉంటుంది. కాబట్టి ఇటుకలు నిలబెట్టి ఎత్తు మళ్ళు కట్టి, బయటి నుంచి ఎర్రమట్టి తెచ్చి, మా వీధి ఇళ్ళలోని తడిచెత్తతో చేసిన కంపోస్టు కలిపాం. మన ఇళ్ళ చెత్తలో సగం కన్నా ఎక్కువ తడిచెత్తే, అదంతా లారీలెక్కి ఊరవతల మండూరు లాంటి పల్లెల నెత్తిన పడుతుంటే అక్కడి జనం రోడ్డెక్కి లారీలు ఆపేసిన రోజులు బెంగళూరులో చాలామందికి గుర్తుండే ఉంటాయి. హైకోర్టు 2012లోనే చెత్త ఇంట్లోనే వేరు చెయ్యాలని చెప్పింది. మా వీధిలో ఆ మాట నిజంగా అమలైంది మాత్రం తోట వచ్చాకే, ఎందుకంటే అరటితొక్క ఎక్కడికి పోతుందో, పోయి ఏమవుతుందో అందరి కళ్ళకీ కనబడింది.

ఇక మనుషులు. ఈ తోటని నడిపింది మా లాంటి లాప్‌టాప్ వాళ్ళు కాదు, ఇది నేను గట్టిగా చెప్పాలి. మాకు ఉత్సాహం ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, ఆదివారం రెండు గంటలు ఉన్నాయి. పని తెలిసినవాళ్ళు వేరే. మదనపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చి రెండు వీధుల అవతల షెడ్లలో ఉండే ఓ పెద్దమ్మ, కొడుకు సెంట్రింగ్ మేస్త్రీ, ఆమె నాలుగిళ్ళలో పనిచేస్తుంది. కోలారు జిల్లా శ్రీనివాసపురం నుంచి వచ్చి ఎదురు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా ఉన్న ఆయన, ఊళ్ళో మామిడి తోటల్లో అంట్లు కట్టినవాడు. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడ్డాక ఈ ఊరొచ్చి ఎలక్ట్రీషియన్‌గా స్థిరపడిన ఇంకో ఆయన, పందిళ్ళన్నీ ఆయన చేతి మీదే లేచాయి. పెద్దమ్మకి ఇరవై సెంట్ల చేను ఉండేదట, బోరు ఎండిపోయాక అప్పు మిగిలిందట.

మొదటి వానలకి మళ్ళలో లేచిన మొక్కలన్నిటినీ మా గ్రూపులో ఓ భీమవరం అబ్బాయి కలుపనుకుని పీకి కుప్ప పోస్తున్నాడు. పెద్దమ్మ పని ముగించుకుని అటు వెళ్తూ చూసి చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలికి వచ్చేసింది. "అది కలుపు కాదు నాయనా, గంగవాయిలాకు. ఇదేమో పొన్నగంటి. ఇది చెంచలాకు. అంతా పీకి పారేసినావే!" అని ఆ కుప్పలో కూర్చుని ఒక్కో మొక్కా ఏరింది. గంగవాయిలి కాడ ఎర్రగా, ఆకు మందంగా, గోటితో నొక్కితే నీరు కారేట్టు ఉంటుంది. దాన్ని పోలిన పాల మొక్క ఒకటుంది, కాడ విరిస్తే పాలొస్తాయి, అది తినకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి ఆ అబ్బాయి చేతే విరిపించి చూపించింది. ఆ సాయంత్రం మేము ఏ విత్తనమూ వెయ్యని నేల నుంచి మూడిళ్ళకి పప్పులోకి ఆకు వచ్చింది. పోషకాహారం గురించి ఈ నగరంలో ఎన్నో సమావేశాలు జరుగుతుంటాయి, వాటికి ఆమెని ఎవరూ పిలవరు, పిలవాలని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

విత్తనం కూడా ఆమెదే. ఊరికెళ్ళి వచ్చినప్పుడు పాత గుడ్డలో బూడిద కలిపి మూటగట్టిన అనపగింజలు తెచ్చింది. జూన్, జూలైలో వేస్తే చలికాలానికి కాయ. బెంగళూరులో డిసెంబరు, జనవరి వచ్చిందంటే వీధి వీధికీ అవరెకాయలే కదా, వీవీ పురంలో సజ్జన్‌రావు సర్కిల్ దగ్గర చాన్నాళ్ళు ఏకంగా మేళానే పెట్టేవారు. మనవైపు పితికిన పప్పు చేసుకునేది ఆ గింజలతోనే. నానబెట్టిన గింజని బొటనవేలుతో నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడాలి, ఆ పనికి మా పక్కింటి తమిళావిడ, ఎదురింటి కన్నడావిడ, పెద్దమ్మ, నేను, ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళం. అంతకుముందు ఆ ఇద్దరి పేర్లు కూడా నాకు తెలీదు.

పంపకం ఆదివారం. ఎవరి మడి వారిదని మేము గీతలు గియ్యలేదు. వారంలో ఒక్కసారైనా నీళ్ళు పెట్టినవాళ్ళో, కంపోస్టు తిరగేసినవాళ్ళో కూర తీసుకుంటారు, అందరి కన్నా ముందు షెడ్లలో చిన్నపిల్లలున్న ఇళ్ళకి. దీని మీద పెద్ద గొడవే అయింది ఒకసారి. "డబ్బులు పెట్టింది మేము, ముందు వాళ్ళకెందుకు?" అని ఒకాయన లేచాడు. హిందూపురం పెద్దాయన శాంతంగా, "పెట్టింది నేను కూడా, నాకు టమాటాలొద్దు, నాకు ఈ వీధిలో మనుషులు కావాలి" అన్నాడు. ఆ వాదన అక్కడితో ఆగలేదు, వారాల పాటు సాగింది, ఇద్దరు మానేశారు కూడా. ఉమ్మడి పనంటే ఇలాంటి తగువులుంటాయి, ఉండనివ్వాలి. ఒకరి మాటే చెల్లే చోట తగువులు రావు, తోటా మిగలదు.

తర్వాత ఓనరు సైటు అమ్మేశాడు. ముందే ఫోన్ చేసి చెప్పాడు, ఆయన తప్పేమీ లేదు, ఆయన స్థలం. జేసీబీ వచ్చిన రోజుకి అనప పందిరి మీద పూత నిండుగా ఉంది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల పీజీ. మేము మంచి మట్టిని సిమెంటు సంచుల్లోకి ఎత్తుకుని, కరివేపాకు మొక్కలతో సహా, పార్కులో పంపు హౌస్ వెనక ఖాళీ మూలకి చేర్చాం. అక్కడి పని చూసే సూపర్‌వైజరు సరేనన్నాడు. మళ్ళీ నోటిమాటే. రెండు పంటలు తీశాక కొత్త ఇంజనీరు వచ్చాడు, సుందరీకరణ కాంట్రాక్టు వచ్చింది, మా మళ్ళు తవ్వేసి ఆ చోట కూడా గడ్డి పరిచారు. వెళ్ళి అడిగితే "మీ దగ్గర పర్మిషన్ కాగితం ఉందా అమ్మా?" అన్నారు. లేదు. అడిగితే ఇచ్చే కాగితం అసలు ఏ ఆఫీసులోనూ లేదు. నా వాదన మొదలయ్యేది ఇక్కడే.

బెంగళూరుకి తోటల ఊరని పేరొచ్చింది చూసే తోటలతోనే కాదు, తినే తోటలతో కూడా. లాల్‌బాగ్‌ని 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు పెంచాడు. ఆ తోట పని చేసినవాళ్ళు తిగళులు, ఇప్పటికీ ధర్మరాయస్వామి గుడి నుంచి చైత్ర పౌర్ణమికి కరగ అనే పూల కలశాన్ని నెత్తికెత్తే కులం వాళ్ళు. చుట్టూ చెరువుల కింద కూరగాయలు, పూలు పండించి ఊరికి పెట్టింది వాళ్ళే, లాల్‌బాగ్ పక్క సిద్దాపురలో నర్సరీలు ఇవాళ్టికీ ఉన్నాయి. 1874 నుంచి లాల్‌బాగ్ చూసిన జాన్ కామెరాన్‌ని గాజు మేడ (గ్లాస్ హౌస్) కట్టిన కాలం మనిషిగా తలుచుకుంటారు గానీ, ఆయన తెచ్చిన చౌచౌ, అదే మనం బెంగళూరు వంకాయ అని కూటు చేసుకునేది, ఎన్ని ఇళ్ళ పొయ్యి ఎక్కిందో చూడండి. అంటే ప్రభుత్వ తోట అన్నది మొదటి నుంచీ జనం తిండితో ముడిపడే ఉంది. పూల ప్రదర్శన ఒక్కటే దాని పని అని మనం తర్వాత అనుకున్నాం.

మరి ఆ తిగళుల తోటలేమయ్యాయి? సంపంగి చెరువు కథ చూడండి, హిత ఉన్నికృష్ణన్, హరిణి నాగేంద్ర లాంటి పరిశోధకులు దాన్ని పాత కాగితాలు తవ్వి రాశారు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి తోటల వాళ్ళకి చెరువులో నీళ్ళు కావాలి, ఇటుకల వాళ్ళకి చెరువు మట్టి కావాలి, కంటోన్మెంటు దొరలకి పోలో ఆడుకోవడానికి ఆరిన నేల కావాలి. ఎవరి మాట నెగ్గిందో అక్కడికెళ్తే తెలుస్తుంది, ఇప్పుడది కంఠీరవ స్టేడియం. మూలన ఓ చిన్న కుంట మిగిలింది, కరగ రోజుల్లో పూజకి అక్కడికి వస్తారు. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండయింది. నీళ్ళు పోయాక తోట పోయింది, తోట పోయాక తోటవాళ్ళు కూలీలయ్యారు. మా వర్తూరు వైపు జరిగిందీ అదే, కాకపోతే వందేళ్ళ తర్వాత.

కాబట్టి ఖాళీ సైట్ల మీద, దయగల ఓనర్ల మీద ఆధారపడితే తోట నిలవదు. నేల ధర పెరిగే కొద్దీ ఆ దయకి గడువు దగ్గరపడుతుంది. నిలిచేది ప్రజల స్థలంలోనే. ఆ స్థలం మనకి ఉంది కూడా. 1976 నాటి బెంగళూరు అభివృద్ధి సంస్థ (బీడీఏ) చట్టం ప్రకారం లేఅవుట్ వేస్తే 15 శాతానికి తగ్గకుండా పార్కులకీ ఆటస్థలాలకీ వదలాలి, దాని పైన ఇంకో 10 శాతం ప్రజావసరాలకి. నేనడిగేది ఆ పార్కుల్లో పదో వంతు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఏమిటంటే, పార్కు అందరిదీ, దాన్ని కొందరికి పంచేస్తే కబ్జాకి దారి తీసినట్టే కదా అని. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ఓ ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చేస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు, 1991లో సుప్రీంకోర్టు పార్కు పార్కుగానే ఉండాలని చెప్పింది. ముద్దప్ప కేసు అంటారు దాన్ని. దేశంలో ఎక్కడ పార్కు కాపాడుకోవాలన్నా ఇవాళ్టికీ ఆ తీర్పే చూపిస్తారు. ఆ నివాసులకి మనమందరం రుణపడి ఉన్నాం. అందుకే నేను ఎవరి మడి వారికి రాసిమ్మని అడగట్లేదు. గోడలొద్దు, తాళాలొద్దు, అమ్మకాలొద్దు. ఎవరైనా వచ్చి చూడొచ్చు, పని చెయ్యొచ్చు, తీసుకోవచ్చు. అడుగు పెట్టకూడదని బోర్డున్న గడ్డి కన్నా, జనం మోకాళ్ళ మీద కూర్చుని నాటు వేసే నేల ఎక్కువ ప్రజలది అవుతుందని నేను నమ్ముతున్నాను.

రెండోది నీళ్ళు. 2024 మార్చిలో జలమండలి తాగునీటిని తోటలకి, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. సరైన పనే. కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల అవతలి నుంచి, కింద నుంచి పైకి పంపు చేసుకుని తెచ్చుకుంటున్నాం, వాటితో తోటకూర తడపక్కర్లేదు. కానీ ఇక్కడ ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ముప్పై నలభై సైటు మీద పడే వానే లక్ష లీటర్ల పైమాట. పంపు హౌస్ కప్పు మీదా, పక్క ఇళ్ళ కప్పుల మీదా పడేది పట్టుకుంటే ఆకుకూరలకి సరిపోతుంది. పాదులకీ, బొప్పాయికీ, మునగకీ మొదలు దగ్గర మాత్రమే తగిలేట్టు అపార్ట్‌మెంట్ ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్ళు పెట్టొచ్చు. ఆకుల మీద ఆ నీళ్ళు పొయ్యకూడదు, అది మాత్రం నియమంగా రాసుకోవాలి. శుద్ధి కాని మురుగుతో పండిన కూరలో ఏం చేరుతుందో నగరం మురుగు మోసే వృషభావతి నది పారకం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018 నుంచి ఈ నగరం శుద్ధి చేసిన నీళ్ళు కేసీ వ్యాలీ పథకంలో కోలారు చెరువులకి పోతున్నాయి, అక్కడ మన బంధువులే ఉన్నారు. మా వాచ్‌మన్ వాళ్ళ ఊరి రైతుకి సరిపోతాయన్న నీళ్ళు, పార్కులో మునగ చెట్టుకి పనికిరావని ఎలా అంటాం?

పాములొస్తాయనీ, కాయలు దొంగతనం పోతాయనీ అంటారు. చెత్తకుప్ప ఉన్నప్పుడే ఎలకలుండేవి, వాటి కోసం పాములూ వచ్చేవి. సొరకాయలు పోయేవి, నిజమే, రాత్రి ఎవరో ఆకలితోనో ఆశతోనో కోసుకుపోయేవాళ్ళు, ఇంకో రెండు పాదులు ఎక్కువ పెట్టాం.

కాగితం ఉంటే ఏమవుతుందో న్యూయార్క్ చూపించింది. లిజ్ క్రిస్టీ అనే ఆవిడా, ఆమె స్నేహితులూ 1973లో మాన్‌హట్టన్‌లో చెత్త పడి ఉన్న మూల స్థలాన్ని తోట చేస్తే, మరుసటేడాది నగరం దాన్ని నెలకి ఒక డాలరు అద్దెకి ఇచ్చింది. అది ఇప్పటికీ ఉంది. అదే ఊళ్ళో 1999లో మేయరు వందకు పైగా తోటల్ని వేలానికి పెట్టాడు, చివరి నిమిషంలో స్వచ్ఛంద సంస్థలు డబ్బు పోగేసి కొని నిలబెట్టాయి. మనకి అంత డబ్బు పోగేసే సంస్థలు ఎక్కడివి? అందుకే ముందే చట్టంలో ఉండాలి. బ్రిటన్‌లో 1908లోనే చట్టం చేశారు, ఊళ్ళో ఆరుగురు ఓటర్లు అర్జీ పెట్టుకుంటే స్థానిక కౌన్సిల్ సాగుకి స్థలం ఇచ్చే సంగతి చూడాల్సిందే. ఆ ఏడాదే జర్మన్ తోట నిపుణుడు క్రుంబీగల్ మైసూరు సంస్థానంలో చేరాడు, ఆయన నాటించిన చెట్ల నీడలో మనం ఇవాళ నడుస్తున్నాం. చెట్లు వచ్చాయి గానీ ఆ చట్టం లాంటిది మనదాకా రాలేదు.

అడగడానికి మనిషి కూడా కావాలి. 2020 సెప్టెంబరులో నగరపాలక సంస్థ బీబీఎంపీ కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్ళ తరబడి ఎన్నికలే లేవు, కార్పొరేటర్ అనే మనిషే లేడు మనకి. 2025లో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లొచ్చాయి. కొత్త నియమాలు రాసుకునే కాలం ఇది, ఇప్పుడు అడక్కపోతే పార్కుల పద్ధతి మళ్ళీ పాత టెండర్ ఫారాల్లోంచే దిగుతుంది. మా వీధి వాళ్ళం ఒక అర్జీ రాశాం: పార్కులో పదో వంతు, ఐదేళ్ళ కాగితం, వాననీటి తొట్టి, కంపోస్టు గుంట, ఖాళీ చేయించాలంటే పంట చేతికొచ్చేదాకా గడువు.

బ్రిటన్ చట్టంలో ఒక్క మాట మాత్రం మేము తీసుకోలేదు, ఓటర్లు అన్న మాట. పెద్దమ్మ ఓటు మదనపల్లె దగ్గర ఉంది, వాచ్‌మన్ ఓటు శ్రీనివాసపురంలో. షెడ్లలో ఉండేవాళ్ళలో ఈ ఊరి అడ్రసు మీద ఒక్క కార్డు కూడా లేదు, బిల్డింగ్ అయిపోగానే షెడ్డు ఇంకో చోటికి పోతుంది. ఓటరు కార్డు అడిగితే మా వీధిలో విత్తనం వెయ్యడం తెలిసినవాళ్ళంతా బయటే నిలబడాలి. అందుకని అర్జీలో "ఆ వార్డులో నివసించేవారు లేక పనిచేసేవారు ఎవరైనా" అని రాశాం. మొదటి సంతకం హిందూపురం పెద్దాయనది, రెండోది పెద్దమ్మ వేలిముద్ర. ఇంజనీరు ఆఫీసులో తీసుకున్న గుమస్తా ఆ వేలిముద్ర పక్కన ఆధార్ నంబరు రాయమన్నాడు, రాశాం. దాని మీద అడ్రసు వేరే జిల్లాది కదా అన్నాడు. అవును, మనిషి ఇక్కడే ఉంది అని చెప్పి రసీదు తీసుకుని వచ్చాం.